లాటిన్‌లో అడిగిన బస్సు

అడిగింది అడిగినట్టు మంజూరైన అర్జీ వల్ల ఊరు ఊరంతా రోడ్డున పడిన సంగతి మీరెక్కడా విని ఉండరు. ఆ అర్జీ రాసింది నేనే. ఇరవై రెండేళ్ళ వయసులో, పూర్తి స్పృహలో ఉండే రాశాను. నవ్వదలుచుకున్నవాళ్ళు ఇప్పటినుంచే మొదలుపెట్టొచ్చు, నేనేమీ అనుకోను.

అప్పట్లో నేను ఆత్మకూరులో ఒక వకీలు గారి దగ్గర టైపు కొట్టే గుమాస్తాని. లాటిన్ నంజుకోనిదే ఆయనకు ఇంగ్లీషు ముద్ద దిగేది కాదు. టీ కుర్రాడు ఎంతకీ రాకపోతే "సైనే డై వాయిదా వేసినట్టుండాడయ్యా" అనేవారు. నేను రాకముందే తాగేస్తే "ఎక్స్ పార్టీగా తాగేశాను" అనేవారు. విని విని ఆ జబ్బు నాకూ అంటుకుంది. సెలవుకి ఇంటికొస్తే అవ్వ అడిగేది.

"అన్నం తిన్నావంట్రా ప్రభూ?"

"ప్రైమా ఫేసీ తిన్నాను అవ్వా." అంటే, పైపైన చూస్తే తిన్నట్టేనని.

"కూడు పెట్టాల్నా వద్దా, అది చెప్పు ముందు."

ఉదయగిరి నుంచి సీతారామపురం పోయే దారి వదిలి మూడు కిలోమీటర్లు లోపలికొస్తే మా ఊరు. పొద్దున ఏడింటికి ఒకే ఒక్క బస్సు ఉండేది. జనం ఎక్కడం లేదని ఆ ఏడాది దాన్ని కాస్తా ఎత్తేశారు. మా చెల్లెలు రూతు అప్పుడు ఉదయగిరిలో ఇంటరు చదువుతోంది. రోజూ పెద్ద రోడ్డు దాకా నడిచి, దొరికిన ఆటో పట్టుకుని, రెండో పీరియడుకి చేరేది. ఆడపిల్లని అట్లా పంపడం నాయనకి ఇష్టం లేదు.

"నెలాఖరు దాకా చూస్తా. బస్సు రాకుంటే చదువు చాలు. ఇంట్లో కూచోని గరిటెలు చెక్కుకుంటది," అని తేల్చేశాడు.

కొయ్య గరిటెలు చెక్కడం నామోషీ పనేం కాదు, మా ఇంటిల్లిపాదికీ కూడు పెట్టింది అదే. కానీ రూతుకి లెక్కల టీచరు కావాలని ఆశ. ఆ పూట అది కంచం ముందు కూచుని ముద్ద ఎత్తలేదు. నాకు ప్రాణం ఉసూరుమంది.

"నేనుండగా నీకేంది? అర్జీ నేను రాస్తా," అన్నాను.

"తెలుగులో రాయన్నా, చాలు."

తెలుగులోనా! తెలుగులో ఎవడైనా రాస్తాడు.

వకీలు గారి ఆఫీసులో నేనొకటి కనిపెట్టి ఉన్నాను. పొలం తగాదాలో కోర్టు 'స్టేటస్ కో' ఇచ్చిందంటే ఆ రోజు మా పార్టీ వాళ్ళు లడ్లు పంచేవాళ్ళు. ఆ లడ్లు తిన్నవాణ్ణి గనక, కోర్టులిచ్చే వరాలన్నిటిలోకీ స్టేటస్ కో పెద్దదని నిశ్చయించుకున్నాను. ఇంక చూడండి నా ప్రతాపం. బస్సు డిపో మేనేజరు గారికి, ఏడు గంటల బస్సు విషయమని పైన ఒక్కసారి రాశాను. ఆ తర్వాత రెండు పేజీల్లో బస్సు అనే మామూలు మాట మళ్ళీ వాడితే ఒట్టు. చిట్టచివర, ఈ ఊరికి స్టేటస్ కో ఇన్ టోటో, యాడ్ ఇన్ఫినిటం ప్రసాదించమని ఇంగ్లీషులో ప్రార్థించాను. నలభై మంది సంతకాలు చేశారు. అవ్వ వేలిముద్ర వేస్తూ, "ఏం రాసినాడో ఏమో, బరువుగా అయితే ఉండాది," అంది.

పది రోజుల్లో జవాబొచ్చింది. ఆదివారం ఆరాధన ముగిశాక చర్చి ముందర నిలబడి గొంతెత్తి చదివాను. మీ అర్జీని పూర్తిగా అంగీకరించడమైనది, మీరు కోరిన విధంగానే తక్షణం అమలు చేయడమైనది! ఒకటే చప్పట్లు. అప్పుడే అటు వచ్చిన పెదరెడ్డి గారు, ఆయన మా ఊరికి పెద్ద, తన శాలువా తీసి నా భుజాన కప్పారు.

"ఇన్నేళ్ళలో మన అర్జీ ఒక్కటన్నా పాసయిందా? ఈడు చేసినాడు చూడు!"

ఆ పూట నా కంటికి ఉదయగిరి కోట కొండ మోకాలెత్తున కనిపించింది.

మర్నాడు ఆరున్నరకే ఊరంతా రోడ్డు మీద ఉంది. గరిటెల మూటలు, అన్నం క్యారియర్లు, రూతు చేతిలో పుస్తకాలు. ఏడైంది. ఎనిమిదైంది. బర్రెలొచ్చాయి, పోయాయి. బస్సు మాత్రం రాలేదు.

"నీ అర్జీ నకలు ఇట్టియ్యన్నా," అంది రూతు. చదివి, "స్టేటస్ కో అంటే ఏంది?" అని అడిగింది.

"యథాతథ స్థితి." టైపు కొట్టీ కొట్టీ నోటికొచ్చిన మాట.

"అంటే?"

"ఉన్నది ఉన్నట్టు ఉండటం."

"బస్సు ఎత్తేసినాక గదా రాసినావు. అప్పుడు మనకి ఉన్నదేంది?"

"ఏం లేదు."

"ఇన్ టోటో, యాడ్ ఇన్ఫినిటం అంటే?"

"మొత్తంగా, ఎప్పటికీ," అన్నాను.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. అర్థం కాకుండా అడిగితే ఏం పెడుతుందో మాత్రం పెద్దలు చెప్పలేదు. నలభై మందీ నా వైపు తిరిగారు. పెదరెడ్డి గారు చెయ్యి చాపారు.

"ఆ శాలువా ఇట్టీరా."

నాయన రూతు చేతిలోంచి పుస్తకాలు తీసుకుని ఇంటివైపు నడిచాడు. తిట్టినా బాగుండేది. సిగ్గుతో నాకు కళ్ళనీళ్ళొచ్చాయి.

ఒక్క రోజు ఆగమని నాయన్ని బతిమాలి, రూతుని వెంటబెట్టుకుని ఆ పూటే డిపోకి పోయాను. ఊరి పేరు చెప్పగానే మేనేజరు గారు కుర్చీలోంచి లేచారు.

"ఆ అర్జీ నీదేనా? మాకేమీ వద్దు, ఇట్టే ఉండనీండి అని నలభై సంతకాలతో అడిగిన ఊరు నా సర్వీసులో మీదొక్కటే నాయనా! సంతోషం పట్టలేక అర్థమైన రోజే మంజూరు చేసినా."

రూతు నన్ను పక్కకి నెట్టింది. "సార్, మాకు పొద్దున ఏడు గంటల బస్సు కావాల. కాలేజీకి పోయేవాళ్ళం ఉండాం, గరిటెలు అమ్ముకునేవాళ్ళు ఉండారు. బస్సు రాకుంటే నెలాఖరుకి నా చదువు ఆగిపోతాది."

ఆయన మూలనున్న బీరువా చూపించారు.

"ఇట్టా రాసిన అర్జీలు దాన్నిండా ఉండాయమ్మా, చదివే తీరిక లేదు. మీ అన్నది మాత్రం మూడు రోజులు డిక్షనరీ పెట్టుకొని చదివినా. మీ ఊరిని నేను చచ్చినా మర్చిపోను." నవ్వుతూ కలం తీశారు. "నెల రోజులు నడిపి చూస్తా. ఖాళీగా తిరిగిందంటే, మళ్ళీ మీ అన్న అడిగిందే ఖాయం."

గురువారం ఏడింటికి బస్సొచ్చింది. పనున్నవాళ్ళూ ఎక్కారు, లేనివాళ్ళూ ఎక్కారు. నెల రోజులూ అవ్వ ఉదయగిరి పోయి రావడమే పనిగా పెట్టుకుంది.

"ఏందవ్వా, రోజూ ఊరికే పోతుండావు?"

"ఊరికే యాడరా? సీటు నింపుతుండా."

బస్సు ఖాయమైంది. రూతు చదివింది. ఇవాళ కలిగిరిలో లెక్కల టీచరు. ఉద్యోగం వచ్చిన రోజు పెదరెడ్డి గారు ఆ శాలువా మళ్ళీ బయటికి తీసి దానికి కప్పారు. పక్కన నిలబడ్డందుకు అంచు నాకూ తగిలింది. నన్నడిగితే శాలువాలో సగం నాదే. నేను శుభ్రంగా తెలుగులో రాసుంటే మా అర్జీ ఇప్పటికీ ఆ బీరువాలోనే ఉండేది! రూతు ఈ మాట ఒప్పుకోదు. లెక్కల టీచర్లకి అన్నీ లెక్క ప్రకారం జరగాలి.

అయినా సరే, వకీలు గారి టైపు మిషను మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. అర్థం తెలియని మాటతో ఇక డిపోనే కాదు, దేవుణ్ణి కూడా ఏమీ అడగను. లాటిన్ నా ఇంటి గడప తొక్కదు. ఈ ప్రమాణానికి నేను కట్టుబడే ఉన్నాను, ఊరే ఉండనివ్వడం లేదు. మొన్న ఊరెళ్ళి ఏడు గంటల బస్సు కోసం రోడ్డు మీద నిలబడి ఉంటే, అవ్వ సంచీ చంకన పెట్టుకుని రొప్పుతూ వచ్చింది.

"రేయ్ ప్రభూ, స్టేటస్ కో ఎల్లిపోయిందా?"

"లేదవ్వా. అదో, మలుపు తిరిగింది, వస్తుండాది."