దానియేలుగారి ఇరవై గజాల పిన్ను

1983 వేసవిలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని అరోరాలో ఒక కంటి క్లినిక్‌లో చేరాను. ఉన్న నలుగురు డాక్టర్లలో నేనే జూనియర్ని. కళ్లద్దాల నంబరు చూడటం, శుక్లాలు కనిపెట్టడం, రెటీనా జబ్బు అనుమానం వస్తే సీనియర్‌కి చూపించి చికాగోలోని స్పెషలిస్టుకి పంపడం నా పనులు. ఆపరేషన్లన్నీ సీనియర్లవే. నాకు అది కొంచెం మంటగానే ఉండేది.

నెలకోసారి మా తెలుగు క్రైస్తవ కుటుంబాలు ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌లో ఆరాధన జరుపుకునేవి. తర్వాత తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్ భోజనం. అక్కడ డాక్టరుకి ప్రశాంతంగా నాలుగు ముద్దలు తినే యోగం ఉండదు. ఒకరు మోకాలు చూపిస్తారు, ఇంకొకరు నాలుక చాపుతారు. నేను కళ్ల డాక్టర్ని మొర్రో అన్నా వినేవాళ్లు కాదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ బేస్‌మెంట్ మీద, ఆ గోల మీద బెంగగా ఉంటుంది.

ఆ సెప్టెంబరు చివరి ఆదివారం దానియేలుగారు కంచం పట్టుకుని నా పక్కన కూర్చున్నారు. ఒంగోలు వైపు మనిషి, అరవైకి దగ్గరపడుతున్నారు. ట్రాక్టర్ భాగాలు తయారుచేసే ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇంజనీరు. భాగాల కొలతలు గేజ్‌లతో సరిచూసి పాస్ చేయడమో, తిప్పి పంపడమో ఆయన ఉద్యోగం. ఫ్యాక్టరీ స్నేహితుల దగ్గర విల్లుతో జింకల వేట నేర్చుకున్నారు. క్రిస్మస్ భోజనానికి ఆయన భార్య రత్నం వదిన మిరియాలు దట్టించి వండుకొచ్చే జింక కూర ఆయన వేటదే. దాని కోసం మేమంతా ఏడాది పొడవునా కాచుకుని ఉండేవాళ్లం.

"అమ్మా విమలా, నా బో సైట్‌లో ఇరవై గజాల పిన్ను వంగిపోతోంది. రెండుసార్లు చేంజ్ చేశా. షాపువాడేమో ఈ ఏజ్‌లో పిన్నులెందుకు, పిన్‌లెస్ తీసుకో అంటున్నాడు. పెద్ద రింగా, చిన్న రింగా, నువ్వు చెప్పు," అన్నారు.

ఈ సైటు సంగతి కొంత చెప్పాలి. విల్లు పిడికి పైన బిగించిన చట్రంలో సన్నటి ఇత్తడి పిన్నులు ఒకదాని కింద ఒకటి అడ్డంగా ఉంటాయి. ఒక్కోటి ఒక్కో దూరానికి. వేటగాడు తాడు లాగి, ఒక కన్ను మూసి, పిన్ను కొనను జింక గుండె మీద నిలిపి బాణం వదులుతాడు. చత్వారం వచ్చాక చేతి దూరంలో ఉన్న పిన్ను, ఇరవై గజాల అవతలి జింక రెండూ ఒకేసారి స్పష్టంగా కనపడవు. అందుకే పిన్నులు లేని సైటు వచ్చింది. అది ఉత్త రింగు. జింకను దాని నడిమధ్యకు తెచ్చుకుంటే చాలు. అంచు మసకగా ఉన్నా మధ్య ఎక్కడుందో కన్ను తనంతట తాను పోల్చుకుంటుంది.

షాపువాడి సలహా తప్పు కాదు. కానీ చత్వారంలో పిన్ను మసకబారుతుంది, వంగదు. నా నోట్లో ముద్ద అక్కడే ఆగిపోయింది. గురువారం క్లినిక్‌కి రమ్మని, విల్లు కూడా పట్టుకు రమ్మని చెప్పాను.

"ఈమాత్రం దానికి అపాయింట్‌మెంటా? మన పిల్లవే కదా అని అడిగితే!"

"మన పిల్లనే అన్నయ్యగారూ. కంట్లోకి చూసే మెషీన్ నా కంచంలో లేదు," అన్నాను. రత్నం వదిన పకపకా నవ్వింది.

గురువారం ఆయన విల్లు భుజాన వేసుకుని వస్తే మా రిసెప్షనిస్టు కుర్చీలోంచి లేచి నిలబడింది. ఆవిడకు సర్దిచెప్పి, ఆయన్ను పొడవాటి పరీక్ష గదిలోకి తీసుకెళ్లాను. తాడు లాగకుండా విల్లు మాత్రం చాచి పట్టుకోమన్నాను. కుడికన్నుతో చూస్తే పిన్ను మధ్యలో వంగింది. ఎడమకన్నుతో తిన్నగా ఉంది. తలుపు అంచు చూడమన్నాను. కుడికన్నుకి అదీ వంగింది. మామూలుగా రెండు కళ్లూ తెరిచి ఉంటే ఎడమకన్ను కుడికంటి లోపాన్ని కప్పేస్తుంది. ఆయన ఎడమకన్ను మూసేది గురి చూసేటప్పుడే. కాబట్టి నేరం పిన్ను నెత్తిన పడింది.

కంట్లో చుక్కల మందు వేసి లోపల చూశాను. మాక్యులా అంటే రెటీనా నడిమి చోటు. చదవడం, గురి చూడటం, మొహాలు గుర్తుపట్టడం దాని పనే. కుడికంట్లో దాని పక్కన బూడిదరంగు మచ్చ, అంచున నెత్తురు చార ఉన్నాయి. వయసుతో వచ్చే జబ్బు. రెటీనా అడుగు నుంచి కొత్త రక్తనాళాలు పుట్టి కారుతున్నాయి. సీనియర్ వచ్చి చూసి తల ఊపారు. అవి మధ్యకు పాకితే ఆ కంటితో ఇక అక్షరం చదవలేరు. మధ్యకు చేరకముందే లేజర్‌తో కాలిస్తే ఆగవచ్చు. కాల్చిన చోట మచ్చ శాశ్వతంగా ఉండిపోతుంది, పోయిన చూపు తిరిగి రాదు. అప్పట్లో మా చేతుల్లో ఉన్నది అంతే. ఉన్నదున్నట్టు చెప్పాను.

"శనివారం సీజన్ ఓపెన్ అవుతోందమ్మా. డిసెంబర్‌లో చేయించుకుంటా," అన్నారాయన. షాపు నుంచి ట్రయల్‌కి తెచ్చిన రింగు సంచిలోంచి తీసి కుడికంటికి ఎదురుగా పట్టుకున్నారు. "చూడు, దీంట్లో అంతా క్లీన్‌గా ఉంది. వంకర పోయింది."

నాకు ఒళ్లు మండింది. దానికి మించి భయం వేసింది.

"వంకర పోలేదు అన్నయ్యగారూ. వంకర చూపించేదాన్ని మీరు తీసేశారు. పిన్ను లేకపోతే వంగడానికి అక్కడ ఏముంది?"

ఆయన రింగు దించారు. దాన్ని మళ్లీ సంచిలో పెట్టేశారు.

"అంటే గేజ్ పక్కన పడేసి పార్ట్ పాస్ చేస్తున్నానన్నమాట," అన్నారు. తర్వాత, మీ వదినకు చెప్పాలి, ఫోన్ ఎక్కడుందని అడిగారు.

మర్నాడు చికాగోలో చేతి నరానికి రంగు ఎక్కించి కంటి లోపల ఫోటోలు తీశారు. కారుతున్న చోటు మధ్యకు వెంట్రుకవాసి దూరంలో ఉంది. ఆ మరుసటి వారమే లేజర్ అయింది. కారడం ఆగింది. కుడికన్నుకి చూసే చోటు పక్కనే ఒక బూడిద మరక మిగిలిపోయింది గానీ, ఆ కంటితో ఆయన బైబిలు చదువుకోగలిగారు. ఆ ఏడు క్రిస్మస్‌కి కోడికూరే తిన్నాం. నా జీవితంలో అంత రుచిగా కోడికూర ఎప్పుడూ తినలేదు.

మరుసటి ఏడు ఆయన ఎడమకంటితో గురి చూడటానికి ఎడమచేతి వాటం విల్లు కొని, పసిపిల్లాడిలా మొదటినుంచి నేర్చుకున్నారు. మళ్లీ రెండు రింగులు పట్టుకొచ్చి పాత ప్రశ్నే వేశారు. ఎడమకన్నుకి ఉన్నది అచ్చంగా చత్వారమే కనుక ఈసారి జవాబు చెప్పాను, అదీ క్లినిక్‌లో కాదు. జింకలు తిరిగేది తెల్లవారుతూనో, పొద్దుగూకేటప్పుడో. ఆ వెలుగులో కంటిపాప పెద్దదై మసక ఎక్కువవుతుంది. పొద్దువాలాక వాళ్ల పెరట్లో నిలబెట్టి చూపిస్తే చిన్న రింగు సన్నటి అంచు చెట్ల బెరడులో కలిసిపోయింది. లావు అంచున్న పెద్ద రింగు నిలిచింది. అదే తీసుకోమన్నాను. ఆ క్రిస్మస్‌కి జింక కూర వచ్చింది.

ఆ రోజు ఆయన తీసేసిన పాత పిన్ను నాకిచ్చారు. "నిన్ను అన్యాయంగా తిట్టానని దానికి చెప్పు," అన్నారు నవ్వుతూ. ఇప్పుడు ఆయనా లేరు, వదినా లేదు.

తర్వాత ప్రాక్టీసులో ఉన్నన్నాళ్లూ, పనిముట్టు పాడైందని చెప్పిన ప్రతి పేషెంటునీ దాన్ని వెంట తెమ్మన్నాను. కుట్టుమిషను సూదులు, వయొలిన్ కమానులు, ఒకసారి చేపల గాలం కూడా నా పరీక్ష గదికి వచ్చాయి. చాలాసార్లు పనిముట్టే పాడై ఉండేది. కొన్నిసార్లు కాదు. కొత్తది ఏది కొనాలో చెప్పేముందు, పాతదానిలో ఏం కనపడిందో అడగాలని ఆ కేసులో నేర్చుకున్నాను.

ఇప్పుడు నాకు ఆనాటి దానియేలుగారి కంటే ఎక్కువ వయసు. పిన్ను నా బల్ల మీదే ఉంటుంది. రోజూ పొద్దున కాఫీ తాగే ముందు దాన్ని చెయ్యి చాచి పట్టుకుని, ఒక కన్ను మూసి ఒకసారి, రెండోది మూసి ఒకసారి చూస్తాను. ఈ రోజు కూడా తిన్నగానే ఉంది.