నీళ్ళు వేడెక్కని రేడియేటర్

మా నాయన తన అంబాసిడర్ కారుకు నీళ్ళు పోసేవాడు కాదు, తాపేవాడు. ఎద్దులున్న ఇంట్లో పుట్టిన మనిషి కనుక ఆ మాట ఆయన నోట అలాగే నిలిచిపోయింది. పొద్దున్నే లేచి, తాను కాఫీ తాగకముందే చెంబుతో నీళ్ళు తీసుకొని షెడ్డులోకి వెళ్ళేవాడు. బానెట్ ఎత్తి, రేడియేటర్ మూతను తువ్వాలుతో పట్టుకొని తిప్పి, అంచుదాకా నింపేవాడు. "బండికి నీళ్ళు తాపినా, ఇంక మనం తాగచ్చు" అంటూ లోపలికి వచ్చేవాడు. ముప్పై ఏళ్ళకు పైగా ఎర్రగుంట్ల స్టేషన్ ముందు ఆ టాక్సీ పెట్టుకొని బతికాడు. రైలు దిగినవాళ్ళను సిమెంటు ఫ్యాక్టరీలకు, తిరునాళ్ళప్పుడు జనాన్ని ఒంటిమిట్టకు, జబ్బు మనుషులను కర్నూలు ఆస్పత్రికి చేరవేసేవాడు.

నేను బడిపంతులును. పాఠాలు కాక నాకున్న పని ఒక చిన్న హేతువాద పత్రిక నడపడం, పిలిచిన ఊరికల్లా వెళ్ళి వాస్తు మీద, చేతబడి మీద, జాతకాల మీద వాదించడం. నాయన డాష్‌బోర్డు మీద రాముడి పటం ఉండేది. శుక్రవారం శుక్రవారం చక్రాల కింద నిమ్మకాయలు నలిగేవి. అయినా నన్ను సభలకు తీసుకెళ్ళింది ఆ కారే. "సభలో ఏమన్నా మాట్లాడుకో. నా బండిలో కూచున్నంత సేపు మాత్రం నా దేవుని జోలికి రావద్దు" అనేవాడు. నేను వాదించకుండా కూర్చున్న చోటు ఈ భూమ్మీద అదొక్కటే.

కంప్యూటర్ కొని పత్రిక పేజీలు నేనే ఇంట్లో తయారుచేసుకోవడం మొదలుపెట్టిన రోజుల్లోనే ఆయనకు మతిమరుపు మొదలైంది. మొదట తాళాలు, తర్వాత మనుషుల పేర్లు మరిచిపోయేవాడు. ఒకసారి కర్నూలుకని మనుషులను ఎక్కించుకొని వెళ్ళి, ఓర్వకల్లు రాళ్ళకొండల దగ్గర కారు ఆపి, "మనం యాడికి పోతాండాం?" అని వాళ్ళనే అడిగాడట. కర్నూలు డాక్టరు పరీక్షలన్నీ చేసి మెదడు కుంచించుకుపోతోందన్నాడు. పోయిన జ్ఞాపకం తిరిగి రాదు, కారు మాత్రం ఇక ముట్టనివ్వద్దని చెప్పాడు.

మా వీధిలోనే ఉండే మేనత్త ఆ మాట నమ్మలేదు. ఎవరో గిట్టనివాళ్ళు ఏదో చేసి ఉంటారనీ, తాయెత్తు కట్టిస్తే తగ్గుతుందనీ పట్టుబట్టింది. నేను మండిపడ్డాను. కాలు విరిగితే డాక్టరు కావాలి, కడుపు నొస్తే డాక్టరు కావాలి. మెదడుకు జబ్బు చేస్తే మాత్రం మన వాళ్ళకు దయ్యం కావాలి. మెదడు కూడా ఒంట్లో భాగమేనని, దానికీ అరిగిపోయే హక్కుందని ఒప్పుకోరు. ఒప్పుకోకపోవడం వల్ల రోగికి జబ్బుతో పాటు వేపమండల దెబ్బలు కూడా దక్కుతాయి. ఇవన్నీ అత్త ముందు ఉపన్యాసంలా చెప్పాను. తాయెత్తు కట్టనివ్వలేదు. కారు పాతది, కొని నడిపేవాళ్ళు దొరకలేదు. పాత ఇనుము కొనే గుజిరీ అంగడికి అమ్మేశాను.

మరుసటి రోజు పొద్దున నాయన చెంబుతో ఖాళీ షెడ్డులో నిలబడ్డాడు.

"బండి యాడరా?"

"అమ్మేసినాం నాయనా. నీకు బాగలేదు కదా."

ఆయన అరుగు మీద కూలబడి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకొని ఏడ్చాడు. సాయంత్రానికి ఏడ్చిన సంగతి మరిచిపోయాడు, అమ్మిన సంగతీ మరిచిపోయాడు. తెల్లారితే మళ్ళీ చెంబు, మళ్ళీ షెడ్డు, మళ్ళీ అదే ప్రశ్న. నేను మళ్ళీ నిజమే చెప్పాను. ఆయనకది ప్రతి పొద్దూ కొత్త కబురే, మొదటి రోజంత బరువైన కబురే.

నిజం ఎవరికీ చెడు చేయదనీ, చెడు చేసేది దాచిన నిజమేననీ ఎన్నో వేదికల మీద చెప్పినవాణ్ణి. మా ఇంట్లో దాచకుండా చెప్పిన నిజం రోజూ ఒక ముసలాయన్ను ఏడిపిస్తూంది. బండి రిపేరుకు పోయిందని చెప్పరాదా అని అత్త బతిమాలింది. నేను తలూపలేదు. "నీ నోరు దేవునికే లొంగదు, మీ నాయనకు యాడ లొంగుతాది" అని విసురుగా వెళ్ళిపోయింది.

ఆ ఎండాకాలంలో కంప్యూటర్ కూడా మొరాయించింది. మాది నాపబండలు పరిచిన మిద్దె. మధ్యాహ్నానికి గది పొయ్యి అవుతుంది. సిమెంటు దుమ్ము లోపలి ఫ్యాన్లకు పట్టి, పేజీ మధ్యలో ఉండగానే మిషన్ ఆగిపోయేది. పాత కార్ల రేడియేటర్లు తగిలించి నీళ్ళతో కంప్యూటర్లను చల్లబరుచుకునేవాళ్ళున్నారని నెట్ సెంటర్లో చదివి, గుజిరీ అంగడికి వెళ్ళాను. కారును అప్పటికే ముక్కలు చేశారు. రేడియేటర్ మాత్రం గోడకు ఆనించి ఉంది. అంగడి యజమాని నాయనకు పాత స్నేహితుడు, మేమంతా భాయ్ అంటాం. సంగతి విని పొట్ట పట్టుకొని నవ్వాడు.

"కంప్యూటర్‌కు రేడియేటరా? రేపొచ్చి క్లచ్ ప్లేట్ కూడా అడుగుతావేమప్పా?"

నేనూ నవ్వాను కానీ నా కళ్ళు దాని మీదే ఉన్నాయి. పైభాగంలో నాయన ఎప్పుడో సత్తుతో అతికించిన మచ్చ ఉంది. ఇది ఇంట్లో ఉంటే, బండి యాడ అని అడిగినప్పుడు ఈడ ఉండాది అనవచ్చు. అది అబద్ధం కాదు. కంప్యూటర్ కోసమే తెచ్చానని చాలామందికి చెప్పాను. అది సగమే.

వంగిన రేకులు సరిచేసి, రేడియేటర్‌ను వరండాలో కిటికీ పక్కన ఇటుకల మీద నిలబెట్టాను. కారు రబ్బరు పైపులే వాడాను. లేతు పనివాడు చేసిచ్చిన చిన్న రాగి డబ్బాను కంప్యూటర్‌లో వేడెక్కే చిప్ మీద బిగించాను. రూమ్ కూలర్ మోటారు బకెట్లోని నీళ్ళను ఆ డబ్బా గుండా రేడియేటర్‌లోకి తోస్తే, అవి చల్లారి మళ్ళీ బకెట్లోకి వచ్చేవి. మొదటి రోజు నీళ్ళు కారి వరండా అంతా మడుగైంది. తర్వాత మిట్టమధ్యాహ్నం కూడా మిషన్ ఆగలేదు.

నాయన చెంబుతో బయటికి వచ్చాడు. "బండి యాడరా?"

"ఈడ ఉండాది నాయనా."

ఆయన చూశాడు. సత్తు మచ్చ మీద బొటనవేలు పెట్టి తడిమాడు. తువ్వాలు తీసి మూతను జాగ్రత్తగా పట్టుకొని తిప్పాడు. నీళ్ళు తాపాడు. లోపలికి వచ్చి కాఫీ తాగాడు.

ఆ తర్వాత ఆయన ఏడవలేదు. నేను పేజీలు దిద్దుకుంటూ కూర్చునేవాణ్ణి, పక్కన మోటారు చిన్నగా మోగుతూ ఉండేది. ఎదుటి పక్షం వాడు ఎవడైనా ఇలాంటి వాదం తెచ్చి ఉంటే, రేడియేటర్ ఎట్లా కారవుతుందని చీల్చి చెండాడేవాణ్ణి. ఇక్కడ ఎదుటి పక్షంలో ఎవరూ లేరు. నేనూ, ఏడవని మా నాయనా ఉన్నాం. ఆయన్ను గెలిచే ఉద్దేశం నాకు లేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన వచ్చి రేడియేటర్ మీద అరచెయ్యి ఆనించాడు. డ్రైవరు చెయ్యి అది. బండి ఎంత దూరం తిరిగి వచ్చిందో వేడిని బట్టి చెప్పగలదు. చాలాసేపు అలాగే ఉంచాడు. మూత తీసి, వేలు ముంచి చూశాడు. కంప్యూటర్ ఎంతసేపు పనిచేసినా ఆ నీళ్ళు గోరువెచ్చన కూడా అయ్యేవి కావు. నేను అంత బాగా అమర్చాను మరి.

"నీళ్ళు వేడెక్కలే. నడిచిన బండి ఇంత చల్లగ ఉండదు" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "నా బండి యాడ?"

"ఈడనే ఉండాది నాయనా."

మా సీమలో తండ్రినీ నాయనా అంటాం, దారినపోయే మనిషినీ ప్రేమగా నాయనా అంటాం. ఆయన నన్ను కాసేపు పరిశీలనగా చూసి, నా భుజం తట్టాడు.

"నువ్వు మంచోనివే నాయనా. నన్ను బాధ పెట్టలేక చెప్తాండావు. మావాడు బడి నుంచి రానీ, వాణ్ణి అడుగుతా. వాడు అబద్ధం చెప్పడు."

మళ్ళీ ఎన్నడూ ఆయన నన్ను బండి గురించి అడగలేదు. చెంబు కూడా ముట్టలేదు. బళ్ళు తెరిచిన తర్వాత రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చొని రోడ్డు వైపు చూస్తూ ఉండేవాడు. నేను సైకిల్ దిగగానే అడిగేవాడు.

"బడి తట్టు నుంచే వస్తాండావు కదా నాయనా, మావాడేమన్నా కనబడినాడా?"

"కనబడినాడు. వస్తాండాడు."

"అయితే కూచో, వస్తాడు" అని పక్కకు జరిగి, అరుగు మీద నాకు చోటిచ్చేవాడు.