సొంత కొట్లో కస్టమర్

అమెరికాలో, నార్త్ కరోలినాలోని మా క్యారీలో ఇండియన్ గ్రోసరీలు చాలానే ఉన్నాయి గానీ, నడి ఎండాకాలంలో కూడా పెరుగు డబ్బా పట్టుకుంటే చెయ్యి జివ్వుమనేది చంద్రిక కొట్లోనే. ఎవరైనా ఆ మాట అంటే ఆమె నవ్వి ఊరుకునేది.

నిజానికి ఆ కొట్టు ఆమె కోరుకున్నది కాదు. విశాఖలో మైక్రోబయాలజీ చదివి, పెళ్లయ్యాక భర్త చక్రధర్ వెంట ఇక్కడికి వచ్చింది. డిపెండెంట్ వీసా మీద ఏళ్లకేళ్లు ఇంట్లోనే గడిచిపోయాయి. కూతురు ఆద్య స్కూల్లో చేరాక ఆమెకు వర్క్ పర్మిట్ చేతికొచ్చింది. ఇక ఏదైనా ల్యాబ్‌లో చేరదామని రెజ్యూమె తయారుచేసుకుంటుండగా, ఒక సాయంత్రం చక్రధర్ ఆఫీసు నుంచి మంచి హుషారుగా వచ్చాడు. తెలిసినాయన ఒకరు కొట్టు అమ్మేసి డాలస్ వెళ్లిపోతున్నారట. ఎవరి కిందా కాకుండా మనదంటూ ఒకటి ఉండాలన్నది చక్రధర్‌కి ఎప్పటినుంచో ఉన్న కోరిక. కానీ హెచ్-వన్ వీసా మీద ఉన్నవాడు తన కంపెనీలో తప్ప ఇంకెక్కడా పని చేయకూడదు. అందుకని కొట్టు చంద్రిక పేరున తీసుకున్నారు. లీజు మీద సంతకం ఆమెదే. చక్రధర్ ఎంత భయస్తుడంటే, కొట్టుకు వచ్చినా చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడేవాడు. కళ్లముందు బియ్యం బస్తా జారిపోతున్నా పట్టుకునేవాడు కాదు.

కొట్టుతో పాటు వచ్చిన ఫ్రీజర్లు, కూలర్లు అన్నీ పాతవి. గోడ పొడవునా పాలూ పెరుగూ పెట్టే తలుపుల్లేని కూలర్, మధ్యలో అద్దాల తలుపుల ఫ్రీజర్లు, వెనకవైపు మనిషి నడిచి లోపలికి వెళ్లగలిగే గదంత ఫ్రీజర్. మొదటి వేసవిలోనే ఆ గది చల్లబడడం మానేసింది. పొద్దున్నే వచ్చి తలుపు తీస్తే పరోటాలు, కొబ్బరి తురుము, మునక్కాడ ముక్కలు, చేపలు అన్నీ మెత్తబడి అట్టపెట్టెల అడుగున నీళ్లు కారుతున్నాయి. మళ్లీ గడ్డకట్టించి అమ్మితే ఎవరికి తెలుస్తుందని సరుకు తెచ్చినవాడు సలహా ఇచ్చాడు. ఆమె చదివిన చదువు దానికి ఒప్పుకోలేదు. దగ్గరుండి అంతా చెత్తలో పారబోయించింది.

రిపేరుకు వచ్చిన కర్టిస్ అనే పెద్దాయన ఆమెను కొట్టు వెనక్కి తీసుకెళ్లి, బయట పెట్టిన మెషిన్ చూపించాడు. లోపలి వేడిని బయటికి వదిలే కాయిల్ మీద వసంతంలో రాలిన పైన్ చెట్ల పుప్పొడి, దుమ్ము కలిసి పసుపుపచ్చ దుప్పటిలా అట్టకట్టేసింది. ఊపిరాడక మెషిన్ రాత్రింబవళ్లు ఆయాసపడి చివరికి ఆగిపోయింది. ముందున్న యజమాని దాన్ని ఎన్నడూ కడిగినట్టు లేదు.

ఆ రోజు నుంచి చంద్రిక వాటి సంగతి నేర్చుకోవడం మొదలుపెట్టింది. కర్టిస్ వచ్చినప్పుడల్లా పక్కనే నిలబడి అడిగి తెలుసుకునేది. కాయిల్ బ్రష్‌తో తుడవడం, తలుపు రబ్బరు ఎక్కడ పగిలిందో కాగితం పెట్టి లాగి చూడడం, కూలర్ లోపల గీసి ఉన్న గీత దాటి సరుకు పేర్చకపోవడం, కింద చల్లగాలి తిరిగి లోపలికి పోయే జాలీకి ఏదీ అడ్డుపెట్టకపోవడం, కొట్టు మూసేటప్పుడు కూలర్ ముందు పరదా దించడం. కొన్నాళ్లకు మెషిన్ శబ్దం విని, దానికి ఒంట్లో బాగుందో లేదో చెప్పగలిగేది. కరెంటు ఖర్చు బాగా తగ్గింది. చక్రధర్ స్నేహితుల ముందు ఆ విషయం గొప్పగా చెప్పేవాడు.

కానీ ఎంత నేర్చుకుంటే ఆ కొట్టు ఆమె చుట్టూ అంత బిగుసుకుంది. లోపల వేడెక్కితే ఫోన్‌కి అలారం వచ్చే ఏర్పాటు చేయించింది. ఆ అలారానికి అర్థం తెలిసినది ఆమె ఒక్కతే. సముద్రం చూద్దామని ఆద్య ఎప్పుడడిగినా, అలారం వస్తే అరగంటలో వెనక్కి రాగలనా అని లెక్క వేసుకునేది. అన్నం తింటూ లేచి వెళ్లేది. భోజనానికి పిలిచిన ఇళ్లలో ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. పక్కనే పరిశోధన సంస్థలన్నీ ఉండే రీసెర్చ్ ట్రయాంగిల్‌లో పనిచేసే చిన్ననాటి స్నేహితురాలు నీహారిక, తమ ల్యాబ్‌లో ఉద్యోగం ఖాళీ ఉందని, అప్లై చెయ్యమని ఒకసారి ఫోన్ చేసింది. రెండు రోజులు ఆలోచించి, కొట్టు ఎవరికి అప్పగించాలో తోచక వద్దని చెప్పేసింది.

ఆ తర్వాతే అసలు దెబ్బ తగిలింది. చంద్రిక వర్క్ పర్మిట్ గడువు దగ్గరపడింది. రెన్యువల్‌కి ముందుగానే పెట్టుకుంది. ఇదివరకైతే దరఖాస్తు నడుస్తున్నంతకాలం పాతదే కొన్నాళ్లు చెల్లేది. ఇప్పుడు ఆ వెసులుబాటు తీసేశారు. కొత్త కార్డు రాకుండానే గడువు దాటిపోయింది. లాయర్‌ని అడిగితే, కార్డు వచ్చేదాకా కొట్లో ఇక్కడి పుల్ల తీసి అక్కడ పెట్టవద్దని, జీతం తీసుకోకపోయినా పని పనే అవుతుందని, ఫోన్లో పురమాయించడం కూడా వద్దని చెప్పాడు.

కౌంటర్‌లో పనిచేసే రత్నం గారికి తాళాలు అప్పగించింది. ఆవిడ కొడుకు సిటిజన్, ఆవిడకి గ్రీన్‌కార్డు ఉంది. ఇంట్లో తోచక పనిలో చేరిన మనిషి. నమ్మకస్తురాలు, గిరాకీ చక్కగా చూసుకోగలదు. మెషిన్లంటే మాత్రం బెదురు. తాళాలు అందుకుంటూ, "నువ్వు పక్కన లేకపోతే నావల్ల అవుతుందా?" అని అడిగింది. 

ఇంట్లో కూర్చుంటే ఫోన్‌లో అలారం మోగేది. మోగితే చూసేది. చూసి ఏమీ చేయలేక బోర్లా పెట్టేది. కొన్నిసార్లు కారు తీసుకుని వెళ్లి కొట్టు ఎదుట పార్కింగ్‌లో కూర్చుని వచ్చేసేది.

జూన్‌లో ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక లోపలికి వెళ్లింది. కొనుక్కోవడానికి ఎవరైనా వెళ్లొచ్చు కదా అనుకుంది. బుట్ట చేత్తో పట్టుకుని పాల కూలర్ దగ్గరికి రాగానే చెవికి తెలిసిపోయింది. మెషిన్ ఆగకుండా నడుస్తోంది. కిందికి చూస్తే మామిడి జ్యూస్ పెట్టెలు జాలీకి ఆనించి నడుము ఎత్తున పేర్చి ఉన్నాయి. ఆఫర్ ఉంది కదా, అందరికీ కనపడాలని రత్నం గారు అక్కడ పెట్టించింది. గాలి తిరగక లోపల మంచు పట్టేసి ఉంటుంది. పెరుగు డబ్బా పట్టుకుంటే చెయ్యి జివ్వుమనలేదు.

పెట్టెలు పక్కకి జరిపితే చాలు. చెయ్యి అటు వెళ్లింది. మళ్లీ తనే వెనక్కి తీసుకుంది. పైన కెమెరా ఉంది. దాన్ని పెట్టించింది తనే. తన కొట్లో తన పెట్టె జరపడం నేరమవుతుందో కాదో కూడా తెలియకుండా కాసేపు అక్కడే నిలబడింది. తర్వాత పెరుగు డబ్బా పట్టుకుని కౌంటర్ దగ్గరికి వెళ్లింది.

"ఈ పెరుగు చల్లగా లేదండీ," అంది.

రత్నం గారు తెల్లబోయింది. "ఏ పెరుగు?"

"అన్నీ అలాగే ఉన్నాయి. పాలు కూడా. మీకు రిపేరు చేసే ఆయనెవరైనా ఉంటే పిలిపించండి."

రత్నం గారు ఆమె ముఖంలోకి చూసింది. ఆ వరసేమిటో అప్పుడు అర్థమైంది. ఎప్పుడూ నువ్వనే పిలిచే మనిషి, ఆ పూట మాత్రం, "అలాగే పిలిపిస్తానండీ. మీరు కాసేపు కూర్చోండి," అంది. అని ముఖం అటు తిప్పుకుంది.

కర్టిస్ వచ్చేసరికి పాలు చాలావరకు పనికిరాకుండా పోయాయి. పెట్టెలు తీయించి, మంచు కరిగించి మెషిన్ దారిలో పెట్టాడు. పక్కన నిలబడి ఉన్న చంద్రికను చూసి, ఇదంతా నీకు తెలిసిందే కదా, నువ్వే ఎందుకు తీసేయలేదని అడిగాడు. ఈ రోజు తను కస్టమర్‌ని మాత్రమే అని ఆమె చెప్పింది. ఆయన జోక్ అనుకుని నవ్వాడు. చంద్రిక పెరుగు డబ్బాకి డబ్బు కట్టి, రసీదు తీసుకుని బయటపడింది. కారులో కూర్చున్నాక కన్నీళ్లు ఆగలేదు.

ఆగస్టు చివర్లో కార్డు వచ్చింది. మర్నాడే వెళ్లి కొట్టు తలుపు తీసింది. వచ్చినవాళ్లంతా ఊరెళ్లారా అని అడిగారు. అవునని చెప్పింది.

ఆ వారంలోనే చక్రధర్ కొత్త ఆలోచనతో వచ్చాడు. రత్నం గారు ఒక్కరే ఇన్నాళ్లు నెట్టుకొచ్చారు కాబట్టి, పక్క ఊరు మారిస్‌విల్‌లో ఇంకొక కొట్టు తీసుకోవచ్చని అతని ఉద్దేశం. చంద్రిక కూర కలుపుతూ అంతా విన్నది. స్టవ్ ఆపి ఇటు తిరిగింది.

"తీసుకోండి. కానీ నా పేరు మీద కాదు."

"నా పేరున కుదరదు కదా, నీకు తెలుసు."

"తెలుసు. నాకు ఏదీ కుదరని రోజుల్లో మీరు ఒక్కసారైనా ఎలా ఉన్నావని అడిగారా? కూలర్ ఎలా ఉందనే అడిగారు."

  చక్రధర్ రెండో కొట్టు మాట మళ్లీ ఎత్తలేదు. ఒక ఆదివారం మాత్రం, లీజు అయిపోయాక పొడిగించవద్దులే అని తనంతట తనే అన్నాడు. ఆ లీజుకి ఇంకా చాలా కాలం ఉంది.

నీహారిక చెప్పిన ఉద్యోగం ఎప్పుడో భర్తీ అయిపోయింది. చంద్రిక వేరే చోట ఒక ఇంటర్వ్యూ దాకా వెళ్లింది గానీ, పర్మిట్ ఎంతకాలం ఉంటుందని అడిగినప్పుడు భర్త వీసాతో ముడిపడి ఉందని చెప్పాక అటునుంచి మళ్లీ కబురు రాలేదు. చదువుకోవడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదని, ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలో ల్యాబ్ కోర్సులో చేరింది. గురువారాలు క్లాసు. తెల్లకోటు చేతిమీద వేసుకుని బయల్దేరేటప్పుడు రత్నం గారు గుమ్మం దాకా వచ్చి, నెమ్మదిగా రమ్మని చెబుతుంది. క్లాసు అయ్యాక చంద్రిక తిన్నగా కొట్టుకే వస్తుంది.