నాలుగు డిగ్రీల చలిలో నా గుండె

ఈ మధ్య పెళ్ళిళ్ళలో అక్షింతలు వేసి ఊరుకోకుండా గులాబీల బొకే చేతిలో పెట్టే అలవాటొకటి మొదలైంది. నాకది నచ్చదు. ఆ పూలు చూడగానే నా పళ్ళు వాటంతటవే టకటకా కొట్టుకుంటాయి. కారణం చెబుతాను. ఇందులో ఒక మనిషి ఉద్యోగం, పరువు రెండూ మంచుగడ్డ కట్టబోయిన వైనం ఉంది. ఆ మనిషిని నేనే.

నాకు తాలూకా ఆఫీసులో గుమాస్తా పని వచ్చింది. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తీసుకుని మర్నాడు పొద్దున చేరాలి. లేకపోతే జాబితాలో నా వెనకున్నవాడు చేరతాడు. మే నెల. మా ఊరు చింతామణి నుంచి చిక్కబళ్ళాపురం దాకా బస్సులో ఒంటికాలి మీద నిలబడి, అక్కణ్ణించి ఆసుపత్రికి ఎండలో నడిచాను. డాక్టరు చెయ్యి పట్టుకుని నాడి చూశాడు.

"నూటపద్నాలుగు! ఏమప్పా, పరిగెత్తుకోని వస్తివా?"

"లేదు సార్, నడిచే వస్తిని."

"ఎండకు ఒళ్ళు కాగితే గుండె అట్లే కొట్టుకుంటాది. చల్లార్చేకి రక్తాన్ని చర్మం దాకా తోయల్ల కదా. పో, ఆ ఫ్యాను కింద అరగంట ఊరికే కూర్చో. మళ్ళా చూసి, తగ్గింటే సంతకం పెడతా."

ఇంకెవరైనా అయితే కూర్చునేవారు. నేను బి.ఎస్సీ. పైగా పట్టుపురుగుల మధ్య పెరిగినవాణ్ణి. మా ఇంట్లో పురుగుల గదికి థర్మామీటరు ఉంటుంది, మనుషుల గదికి ఉండదు. వేడి పెరిగితే పురుగులు కరకరా ఆకు మేస్తాయి. చలి పెరిగితే మేత మానేసి మొద్దుగా పడుకుంటాయి. కాబట్టి వేడికి పరిగెత్తే గుండె చలికి పడుకోవాలి. ఎంత చలైతే అంత మంచిది. ఈ సిద్ధాంతంలో తప్పేమిటో ఆ రోజు నాకు కనబడలేదు. ఈ రోజుకూ పూర్తిగా కనబడలేదు. పొరపాటు నా ఒంటిదే.

ఆ ఊరి బయటే మా మామ పనిచేసే గులాబీ తోట ఒకటుంది. కోసిన పూలు దాచే చల్లగది తాళం ఆయన చేతిలోనే ఉంటుంది.

"మామా, నన్ను లోపల పెట్టి తలుపెయ్యి."

"అది పూలకురా అల్లుడా! నాలుగు డిగ్రీలు ఉండాది."

"నాకూ అదే కావల్ల. గుండె తగ్గించుకోవల్ల."

"గుండె తగ్గించుకునేదేందిరా? మీయమ్మకు నేనేం చెప్పల్ల?"

"ఉద్యోగం వచ్చిందని చెప్పు."

పెట్టాడు. పొట్టి చేతుల చొక్కాతో, గులాబీ కట్టల నడుమ, అలిగిన పెళ్ళికొడుకులా కూర్చున్నాను. మొదటి ఐదు నిమిషాలు బ్రహ్మాండం. పదో నిమిషానికి నా దవడ నాతో సంబంధం లేకుండా మాట్లాడటం మొదలెట్టింది. ముప్పావు గంటకు మణికట్టు మీద వేళ్ళు పెట్టి నాడి చూసుకున్నాను. దొరకలేదు. ఇంత ఘనవిజయం నేనూ ఊహించలేదు.

"మామా! నాడి పూర్తిగా తగ్గిపోయిండాది!" అని తలుపు బాదాను.

మామ నా చెయ్యి పట్టుకుని చూశాడు. "ఏం తగ్గలేదురా, నీ వేళ్ళకు స్పర్శ పోయిండాది!" అని తిట్టి, మోటారుసైకిలు ఎక్కించాడు. దారి పొడుగునా నిప్పులు చెరిగే ఎండ. నా వణుకు మాత్రం దిగిరాలేదు.

జుట్టులో గులాబీ రేకులతో డాక్టరు ముందు కూర్చున్నాను. కుర్చీ కూడా నాతోపాటు వణికింది.

"నూటఇరవైఆరు! యాడికి పోయింటివి?"

"చ... చల్లబడేకి సార్. పట్టుపురుగులు చలికి..."

"వాటికి సొంత వేడి లేదప్పా. నీకుండాది. చలేస్తే నీ ఒళ్ళు వేడి పుట్టించుకునేకి వణుకుతాది. ఆ వణుకుకు గుండె ఇంకా పరిగెత్తాది. ఇంగ అరగంటకు నేను ఇంటికి పోతాండా. ఆపైన నీ ఇష్టం."

నర్సమ్మ ఒక దుప్పటి నా మీద పడేసింది. ఫ్యానుకు కాస్త దూరంగా, నోరు మూసుకుని కూర్చున్నాను. అరగంటకు ఎనభై రెండు. డాక్టరు సంతకం పెట్టాడు.

కాగితం చేతికొచ్చాక నాకు ధైర్యమూ వచ్చింది. లేచి నిలబడి, గుండె మీద చెయ్యి వేసుకుని, వాళ్ళిద్దరి ఎదుట గంభీరంగా ప్రతిజ్ఞ చేశాను: "ప్రాణమున్నంతవరకు పూలగదిలో అడుగుపెట్టను. గుండెను దాని మానాన వదిలేస్తాను. సిద్ధాంతాన్ని మాత్రం వెనక్కి తీసుకోను!"

నర్సమ్మ దుప్పటి మడతపెడుతూ అంది:

"అరగంట ఊరికే కూర్చోమంటే కూర్చోలేకపోతివి. తాలూకా ఆఫీసులో ఉద్యోగం ఎట్ల చేస్తావప్పా?"