కిటికీలో స్టార్, టీచరమ్మ కుడిచెయ్యి

2023 డిసెంబరులో మారేడ్‌పల్లిలోని ఒక ఇంట్లో, పక్షవాతం నుంచి కోలుకుంటున్న ఒక పెద్దావిడ ముందు నిలబడి, లోపం మిషన్‌లో లేదు, ఆవిడ చేతిలోనే ఉందని చెప్పాను. అది తప్పని మరుసటి నెలలోనే నాకు తెలిసింది. తెలిసీ నోరు విప్పలేదు. పైగా నేను చేయని పనికి నాకు మంచి పేరు కూడా వచ్చింది. ఆ పేరు నాది కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

చిలకలగూడలో నాకు చిన్న రిపేరు షాపు ఉంది. మొదట టీవీలు, తర్వాత వీడియో గేములు, ఇప్పుడు వీఆర్ హెడ్‌సెట్లు. కళ్ళకు కట్టుకుంటే ఎదురుగా ఉన్న గది పోయి ఇంకో లోకం కనిపించే పెట్టె అది. దాని గురించి వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి షాపు దాకా రానక్కర్లేదు. బొమ్మ మసగ్గా ఉందంటే పట్టీ జారి ఉంటుంది, లేకపోతే తలనూనె లెన్సుకు అంటి ఉంటుంది. మెత్తటి పొడిగుడ్డతో తుడిస్తే సరి. కంట్రోలర్, అంటే చేత్తో పట్టుకునే పిడి, పలకడం లేదంటే ముందు బ్యాటరీ చూడాలి. లెన్సులను ఎండకు ఎదురుగా పెడితే మాత్రం లోపలి తెర కాలిపోతుంది. దానికి నా దగ్గర కూడా వైద్యం లేదు.

అన్నిటికన్నా తిప్పలు పెట్టేది ట్రాకింగ్. మన చెయ్యి ఎక్కడుందో హెడ్‌సెట్ కనిపెట్టే పద్ధతి అది. కంట్రోలర్ మీద కంటికి కనపడని సన్నని లైట్లు ఉంటాయి. హెడ్‌సెట్ ముందున్న కెమెరాలు వాటిని చూసి, లోపలి లోకంలో మన చేతిని అక్కడే చూపిస్తాయి. ఆ లెక్క తప్పితే మన చెయ్యి ఒకచోట, కనిపించే చెయ్యి ఇంకోచోట.

ఆ పెద్దావిడ సుగుణ టీచర్, బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. కూతురు షారోన్ ఆఫీసు ఉద్యోగం చేస్తుంది. ఆ ఏడాది ఎండాకాలంలో టీచరుకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి చచ్చుబడింది. కొంత కదలిక వచ్చాక, ఇంట్లో కూర్చుని చేసే వ్యాయామం కోసం ఫిజియోథెరపీ డాక్టరు హెడ్‌సెట్ పెట్టించారు. చెట్టు మీది జామకాయలు కోసి బుట్టలో వెయ్యాలి, అదీ ఆట. ఆమె చేతికి స్పర్శ ఇంకా పూర్తిగా రాలేదు. కళ్ళు మూసుకుంటే చెయ్యి ఎక్కడుందో తెలిసేది కాదు. అందుకని హెడ్‌సెట్‌లో ఏం కనిపిస్తే అదే ఆమెకు నిజం.

నవంబరు దాకా బుట్ట నిండేది. డిసెంబరులో కుడిచెయ్యి కాయ దగ్గరకు పోయి వణకడం, పక్కకు ఎగిరిపోవడం మొదలైందట. షారోన్ నన్ను పిలిచింది. పొద్దున పదకొండింటికి వెళ్ళాను. లెన్సులు తుడిచాను, బ్యాటరీలు మార్చాను, బీరువా అద్దం కెమెరాలను మోసం చేస్తుందేమోనని దాని మీద దుప్పటి కప్పాను. నేను పెట్టుకుని ఆడితే బుట్ట నిండింది. తర్వాత టీచరు పెట్టుకున్నారు. కొత్త మనిషి ఎదురుగా నిలబడి చూస్తున్నాడన్న బెరుకో ఏమో, చెయ్యి కొద్దిగా వణికింది. అంతే, నాకు జవాబు దొరికినట్టయింది.

"మిషన్ మంచిగనే ఉన్నది మేడం. అమ్మ చెయ్యే ఆగుతలేదు" అన్నాను షారోన్‌తో.

టీచరు హెడ్‌సెట్ తీసేశారు. ఎడమచేత్తో కుడిచేతిలోని కంట్రోలర్ విడిపించుకుని బల్ల మీద పెట్టారు.

"నేనూ అదే అనుకున్నాను బాబూ" అన్నారు.

ఆ రోజు నుంచి ఆమె వ్యాయామం మానేశారు.

జనవరిలో బన్సీలాల్‌పేట్‌లో ఒక పెళ్ళింటికి వెళ్ళాను. ఆటలో కత్తి చేతిలోంచి ఎగిరిపోతోందని ఫిర్యాదు. అప్పటికి పొద్దుగూకింది. గోడ నిండా సీరియల్ బల్బులు. నాకు వెలుతురు చికాకై వాటి స్విచ్ కట్టేశాను. కత్తి చేతిలో నిలిచింది. మళ్ళీ వేస్తే ఎగిరింది. ఆ చిన్న బల్బులను చూసి, కంట్రోలర్ లైట్లేమోనని కెమెరాలు పొరబడుతున్నాయి.

మారేడ్‌పల్లి ఇంట్లో టీచరు కుర్చీకి కుడిపక్క కిటికీ. కిటికీలో కాగితపు క్రిస్మస్ స్టార్, దాని చుట్టూ సీరియల్ బల్బులు. దుప్పటి కప్పేటప్పుడు ఆ వైరును పక్కకు జరిపింది నేనే. నేను వెళ్ళింది పగలు, అవి వెలగడం లేదు. ఆమె వ్యాయామం చేసేది సాయంత్రం, స్టార్ వెలిగించి ప్రార్థన చేసుకున్నాక. ఏ వేళప్పుడు ఆడతారని నేను అడగనే లేదు.

షారోన్‌కు ఫోన్ చేసి ఆ వేళ కనుక్కున్నాను. అప్పుడైనా నిజం చెప్పాల్సింది. "కొత్త అప్‌డేట్ వచ్చింది మేడం, వచ్చి పెట్టిపోత" అన్నాను. వెళ్ళేసరికి స్టార్ తీసేసి ఉంది. ఊరికే రెండు మీటలు నొక్కి టీచరుకు ఇచ్చాను. జామకాయ చేతికొచ్చింది. ఆమె ఏడ్చారు, నవ్వారు, నా తలమీద చెయ్యి పెట్టి దీవించారు. నేను దీవెన పుచ్చుకుని వచ్చేశాను.

చెయ్యి బాగుపడుతూ వచ్చింది. వానాకాలానికి జడ తనే వేసుకునేవారు. హెడ్‌సెట్ అట్టపెట్టెలోకి చేరింది. వాళ్ళ వీధి నుంచి ఒకాయన షాపుకొచ్చి, "టీచరమ్మకు పెట్టిన అప్‌డేట్ మోకాళ్ళకు సుత పనిచేస్తదా?" అని అడిగాడు. నవ్వలేకపోయాను.

మరుసటి డిసెంబరులో టీచరే ఫోన్ చేశారు. "ఆదివారం చర్చిలో సాక్ష్యం చెబుతున్నాను యాదగిరి గారూ. దేవుడు చేసిన మేలు నలుగురిలో చెప్పుకోవాలి కదా. మీ పేరు కూడా చెప్తాను, మీరు తప్పకుండా రావాలి."

సాక్ష్యంలో ఆమె అబద్ధం చెప్పబోతున్నారు. ఆ అబద్ధం నాది. శనివారం సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను.

కిటికీలో స్టార్ వెలుగుతోంది. వంటింట్లో షారోన్ గులాబీ పూలు వేస్తోంది. ఇనప పువ్వు అచ్చును పిండిలో ముంచి, కాగే నూనెలో పెట్టి, మణికట్టు విదిలిస్తే పువ్వు విడిపడాలి. ఆమె వేసినవన్నీ అచ్చుకే అతుక్కుంటున్నాయి. టీచరు గుమ్మంలోనే నిలబడి, "విదిలించవే, బతిమాలకు" అంటున్నారు.

"మీరే వేయొచ్చు గద టీచరమ్మా?"

"నూనె దగ్గరికి నేను పోను బాబూ. పోయిన డిసెంబరులో ఈ చెయ్యి చెప్పకుండా పోయింది. మళ్ళీ ఎప్పుడు పోతుందో ఎవరికి తెలుసు?"

ఏడాదిగా ఆమె ఆ భయంతోనే బతుకుతున్నారని నాకు అప్పుడు తెలిసింది. అట్టపెట్టెలోంచి హెడ్‌సెట్ తీయించాను. షారోన్ పొయ్యి ఆపేసింది, చార్జింగ్ ఎక్కేదాకా ముగ్గురం టీ తాగాం. తర్వాత టీచరుకు హెడ్‌సెట్ పెట్టి ఆ కుర్చీలోనే కూర్చోబెట్టాను, లోపల కనిపించేది నా ఫోన్‌లోనూ కనపడేలా చేశాను. జామకాయ దగ్గర చెయ్యి ఎగిరిపోయింది. ఆమె ముఖం తెల్లబోయింది.

"తియ్యకుండ్రి. జెర అట్లనే ఉండుండ్రి" అని స్టార్ స్విచ్ కట్టేశాను. చెయ్యి వచ్చి కాయ మీద నిలిచింది. వేశాను, పోయింది. కట్టేశాను, వచ్చింది. అప్పుడు అంతా చెప్పాను. బల్బులు, బన్సీలాల్‌పేట్, లేని అప్‌డేట్.

టీచరు హెడ్‌సెట్ తీసి, లేచి వెళ్ళి, తన కుడిచేత్తో స్విచ్ వేసి, కట్టి, మళ్ళీ వేశారు.

"అంటే ఆ నెల నా చెయ్యి ఎక్కడికీ పోలేదా?"

"పోలే టీచరమ్మా. ఉన్నకాడనే ఉన్నది."

ఆమె గోడకు ఆనుకుని, పెద్ద ఊపిరి వదిలి, నవ్వడం మొదలుపెట్టారు. షారోన్ మాత్రం నవ్వలేదు. "జనవరిలో తెలిసిందా? ఏడాదంతా ఈవిడ రాత్రి లేచి లేచి వేళ్ళు కదిపి చూసుకుంటుంటే..." అంది.

"ఉండవే" అన్నారు టీచరు. "నా బడిలో అయితే మిమ్మల్ని బెంచీ ఎక్కించేదాన్ని యాదగిరి గారూ. ముందు నూనె మళ్ళీ కాచాలి, పదండి."

అచ్చు తనే పట్టుకున్నారు. ముంచారు, పెట్టారు, విదిలించారు. పువ్వు విడిపడి నూనెలో తేలింది. ఏడాదిగా నా గుండెల మీద ఉన్నది అప్పుడు దిగింది.

ఇప్పుడు ఎవరు పిలిచినా మొదట అడిగేది ఒకటే: తక్లీఫ్ ఏ వేళప్పుడు వస్తోంది? ఆ వేళకే వెళ్తాను. మిషన్‌లో లోపం దొరక్కపోతే, నాకు దొరకలేదని చెప్తాను. మనిషి మీదికి తొయ్యను.

ఆ సాయంత్రం టీచరు రెండో పువ్వు వేస్తూ వెనక్కి తిరక్కుండానే అడిగారు. "రేపు సాక్ష్యంలో మరి ఏం చెప్పమంటారు?"

"జరిగింది జరిగినట్టు చెప్పుండ్రి."

"మీ పేరుతోనా?"

"నా పేరుతోనే" అన్నాను. "కాని దానికంటే ముందు నేను మీకు చెప్పాలె. బల్బులు కనిపెట్టకపోవుడు చేతగానితనం టీచరమ్మా. మీ చెయ్యే ఆగుతలేదన్నది మాత్రం నా తప్పు, తెలిసినంక ఊకున్నది ఇంక పెద్ద తప్పు. నన్ను మాఫ్ చెయ్యుండ్రి."