మా మావయ్యకి నాలుగు గ్రూపుల రక్తం

మా షిగెజో మావయ్యది ఏ బ్లడ్ గ్రూపయ్యా అంటే, ఎదుట ఎవరు నిలబడితే వాళ్ళ గ్రూపు. ఒసాకాలో మా వీధి స్నానశాల గల్లాపెట్టె దగ్గర కూచుని, వచ్చినవాళ్ళకి తువ్వాళ్ళు అందిస్తూ గ్రూపు అడిగేవాడు. వాళ్ళు ఏం చెప్పినా సరే, "నాదీ అదే" అనేవాడు. సబ్బివ్వడం మర్చిపోయాడేమో గానీ ఆ మాట మాత్రం ఎప్పుడూ మర్చిపోలేదు.

మా జపాన్ వాళ్ళకి మనిషిని తూచడానికి గ్రూపు తెలిస్తే చాలు. ‘ఏ’ వాళ్ళు పద్ధతైనవాళ్ళు, ఓ వాళ్ళు గుండె గట్టివాళ్ళు, ఏబీ వాళ్ళకి కాస్త తిక్క. బీ వాళ్ళు తమ సుఖం తప్ప మరోటి పట్టని మొండిఘటాలు. నేను బీ. నన్ను పెంచిన మావయ్యా బీయే. లోకమంతటికీ అబద్ధం చెప్పి నాకొక్కదానికే నిజం చెప్పాడని నా నమ్మకం.

ఆయనతో బజారుకెళ్ళాలంటే నాకు తల కొట్టేసినట్టుండేది. చేపల కొట్లో ఓ, మందుల షాపులో ఏ. ఒకసారి ఆ కొట్లవాళ్ళిద్దరూ కలిసి ఎదురొస్తే, దగ్గు తెచ్చుకుని నన్నక్కడే వదిలేసి సందులోకి జారుకున్నాడు. సిగ్గుతో చచ్చి, వాళ్ళకి వంగి వంగి దణ్ణాలు పెట్టి, ఇంటికొచ్చి పోట్లాడాను.

"నీ పరువేం కాను మావయ్యా?"

"పరువుతో ఎవరికి పనే? నీళ్ళు వేడిగా ఉన్నాయా లేదా, అది చూస్తారు జనం."

ఇంతలో నేను మనసుపడ్డ రియోహె నన్ను చేసుకుంటానన్నాడు. వాళ్ళమ్మ కువబాత గారు బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, ఏ గ్రూపు. బీ కోడలంటే ఆవిడకి అన్నం సయించడం లేదట. మా ఇల్లూ వాకిలీ చూశాకే మాట ఇస్తానని కబురు పెట్టారు. ఉన్నదున్నట్టు బీ అని చెప్తానని మావయ్య చేత ఒట్టు వేయించుకున్నాను.

ఆవిడ వచ్చారు, సంచి గుండెలకి అదుముకుని గల్లా ముందు నిలబడ్డారు.

"మీ అమ్మాయి బీ అట. నేను ఏ. మరి మీరో?"

మావయ్య నన్ను చూశాడు. బిగుసుకుపోయిన ఆవిడ మొహం చూశాడు.

"నాదీ అదేనండి. ఏ."

సరిగ్గా అప్పుడే ఆడవాళ్ళ వైపు తెర తప్పించుకుని టోఫు కొట్టు ఒత్సురు తడిజుట్టుతో బయటికొచ్చింది. "అదేంటి షిగెజో, నాతో ఓ అన్నావుగా?"

మా దగ్గర ఆడా మగా స్నానాలకి మధ్య గోడ పైకప్పు దాకా ఉండదు. అవతల మగవాళ్ళ తొట్టిలోంచి, టాక్సీ నడిపే నొమోతో అనే ఆయన గొంతు లేచింది. "ఓ ఏంటి? ఏబీ. నాకు ఒట్టేసి మరీ చెప్పాడు."

భూమి చీలితే దూరిపోదామనిపించింది. నా పెళ్ళి ఆ వేణ్ణీళ్ళలో కొట్టుకుపోయిందనుకున్నాను.

"అసలు మీదేదండీ?" అన్నారు కువబాత గారు.

మావయ్య మెడ గోక్కున్నాడు. "తెలీదండి. సూదంటే భయం. ఎప్పుడూ చూపించుకోలేదు."

అంటే నాకు చెప్పిందీ అబద్ధమే. బీ దానివని బడిలో ఆటకి రానివ్వక నేను ఏడుస్తూ వచ్చిన రోజున, "నాదీ అదేనే, మనిద్దరం ఆడుకుందాం" అన్న మాట పట్టుకునే పెరిగాను. అంతవరకూ ఆయన్ని చూసి సిగ్గుపడ్డదాన్ని, ఇప్పుడు నన్ను చూసుకుని సిగ్గుపడ్డాను.

నొమోతో గోడ అవతల్నించే సంజాయిషీ ఇచ్చుకున్నాడు. ఏబీ వాణ్ణి నమ్మలేమని పాత యజమాని తనని పన్లోంచి తీసేసిన రోజున మావయ్య ఆ మాటన్నాడట. ఒత్సురు తువ్వాలుతో మొహం తుడుచుకుంది. "మా ఆయన పోయినప్పుడు, ఓ దానివి, నీకేం, తట్టుకుంటావు అన్నారండీ అందరూ. ఈయనొక్కడే, నాదీ అదే, నాకు చీటికీ మాటికీ ఏడుపొస్తుంది అన్నాడు."

కువబాత గారు సంచి నా చేతికిచ్చారు. తువ్వాలు తీసుకుని స్నానానికి వెళ్ళిపోయారు. చాలాసేపటికి ఎర్రబడ్డ మొహంతో వచ్చి, స్నానం చేసినవాళ్ళకి మేం అమ్మే సీసా పాలు తాగి, గల్లా మీదికి వంగి గొంతు తగ్గించారు. నేను పక్కనే తువ్వాళ్ళు మడతపెడుతున్నాను.

"నాది బీ అండీ. పెళ్ళిచూపుల్లో మా అమ్మ ఏ అని చెప్పేసింది. అప్పట్నుంచీ ఆ మాట నిలబెట్టడానికి ఇల్లు తుడుస్తూనే ఉన్నాను."

మావయ్య జన్మలో మొదటిసారి తన పాట పాడలేదు. "అయ్యో, ఇన్నేళ్ళూ ఆ ఇంట్లో ఒక్కరే ఉన్నారా?" అన్నాడు.

ఆవిడ ఖాళీ సీసా గల్లా మీద పెట్టి నావైపు తిరిగారు.

"అమ్మాయీ, నువ్వొచ్చాక ఆదివారాలు ఇల్లు తుడవొద్దు. ఎవరన్నా అడిగితే నా పేరు చెప్పు."