హార్బరు రోడ్డులో కోకిల

కోకిలకు భయమంటే తెలియదని మండీలో అందరూ అనుకుంటారు. కందిపప్పులో రాళ్ళు కనబడితే చాలు, వచ్చిన లారీని వచ్చినట్టే వెనక్కి తిప్పి పంపేదాకా ఊరుకోదు. చెన్నై జార్జిటౌన్‌లోనే పుట్టి పెరిగి, పక్క వీధికే కోడలై, అత్తగారితో ఒకే ఇంట్లో ఉంటూ, భర్త కాంతారావు పప్పుల టోకు కొట్టును ఆయనకన్నా ఎక్కువగా నడిపిస్తున్న మనిషి. అలాంటి మనిషి రోడ్డు దాటాల్సి వస్తే మాత్రం పక్కనున్నది ఎవరైనా సరే, చెయ్యి గట్టిగా పట్టేసుకుంటుంది.

ఆ భయం కాలేజీ రోజులనాటిది. అప్పట్లో సైకిలు మీద వెళ్ళొచ్చేది. ఒక సాయంత్రం బీచ్ స్టేషన్ ముందు ఒక లారీ రాసుకుంటూ పోయింది. కోకిల ఎడమవైపు పేవ్‌మెంటు మీద పడింది, సైకిలు లారీ చక్రాల కింద పడింది. ఆమెకు మోచెయ్యి గీరుకుపోవడం తప్ప ఇంకేమీ కాలేదు. కానీ వెనక చక్రం సైకిలు మీద ఎక్కి దిగినప్పుడు ఇనుము నలిగిన చప్పుడు చెవిలో నిలిచిపోయింది. మళ్ళీ సైకిలు ముట్టుకోలేదు. పెళ్ళయ్యింది, ప్రణతి పుట్టింది, ప్రణతికి కూడా సైకిలు వాళ్ళ నాన్నే నేర్పించాలని కూర్చుంది. ఆయనకేమో రాదు. చివరికి పిల్ల ఎవరి దగ్గరో నేర్చుకుంది.

ప్రణతి ఇప్పుడు అంబత్తూరులో ఒక యంత్రాల కంపెనీలో ఇంజినీరు. ఆమధ్య ట్రైనింగు కోసం హాలెండ్ వెళ్ళినప్పుడు మార్లీన్ అనే ఆవిడ ఇంట్లో అద్దెకు ఉంది. మార్లీన్‌కు అరవై దాటాయి, నర్సు ఉద్యోగం చేసి రిటైరయింది. మీ ఊరు చూడ్డానికి తప్పకుండా వస్తానని ప్రణతితో అంది, అన్నట్టే జనవరిలో వచ్చి వాళ్ళింట్లోనే దిగింది. మొదటి రెండు రోజులు టి. నగర్‌లో చీరల కొట్లు చూపించారు, కారులో బీచికి తీసుకెళ్ళారు. ఆవిడ అన్నిటికీ బావుంది, బావుంది అంటూనే, కారు అద్దంలోంచి చూస్తే ఊరు చూసినట్టు ఉండదని, సైకిలు మీద తిరగాలని మొదలుపెట్టింది. ప్రణతి ఆఫీసులో స్నేహితుల దగ్గర రెండు సైకిళ్ళు అడిగి తెచ్చింది, ఒకటి నీలంది, ఒకటి ముందు బుట్ట ఉన్న ఎర్రది. ఆదివారం పొద్దున్నే ఇద్దరూ కాసిమేడు చేపల రేవు చూసి రావాలని అనుకున్నారు.

ఆదివారం తెల్లారేసరికి ఫ్యాక్టరీ నుంచి ఫోను వచ్చింది.

"అమ్మా, మెషిన్ నిలిచిపోయిందంట. నేను పోవాల," అంది ప్రణతి జడ వేసుకుంటూనే. "మార్లీన్ తనియా పోతానంటా ఉంది. నువ్వు తోడు పో మా."

తనియా అంటే ఒంటరిగా అని. మనసు గాభరాపడ్డప్పుడు ప్రణతికి అరవమే ముందు వస్తుంది.

"నేనా? సైకిల్లోనా?" అంది కోకిల.

కాంతారావు కాఫీ గ్లాసు దించాడు. "ఒంటిగా ఎట్టా పంపేది? మనింటికొచ్చిన మనిషికి ఏమన్నా అయితే ఎవరు జవాబు చెప్పేది? నాకు తొక్కేది రాదు. నీకొచ్చు గదా."

"వచ్చేది యాడ? ఎప్పటి మాట అది!"

"అదేం మరిచిపొయ్యేదా? సుమ్మా, ఊరికే అట్టా పోయిరా. ఆదివారం, ఈడ బండ్లు ఉండవు."

మార్లీన్‌కు మాటలు అర్థం కాకపోయినా సంగతి అర్థమైంది. కోకిల భుజం మీద చెయ్యి వేసి, నెమ్మదిగా పోదాం, నేను ముందు, నువ్వు వెనక అని ఇంగ్లీషులో చెప్పింది. తన సైకిలుకు బుట్ట లేదు కాబట్టి తన చేతిసంచీ కోకిల బుట్టలో పెట్టింది. పర్సూ ఫోనూ అన్నీ ఆ సంచీలోనే ఉన్నాయి.

కోకిల కూతురి చుడీదారు వేసుకుని, చున్నీ నడుముకు బిగించి, సందు చివరిదాకా సైకిలు నడిపించుకుంటూ వెళ్ళింది. ఎక్కేటప్పుడు ఒకసారి పక్కకు ఒరిగింది. కాంతారావు వెనక నుంచి పట్టుకున్నాడు. ఆ తర్వాత సైకిలు దానంతట అదే నడిచినట్టు నడిచింది. మూసి ఉన్న కొట్ల ముందు నుంచి, ముగ్గులు తొక్కకుండా తప్పుకుంటూ, రెండు వీధులు దాటేసరికి ఆమెకే ఆశ్చర్యమేసింది. ముందు మార్లీన్ తెల్లచొక్కా కనిపిస్తూ ఉంది. దాని మీదే చూపు నిలిపింది. ఆ చొక్కా ఎటు పోతే అటు తొక్కడమే, ఇంక దేన్నీ చూడకూడదు అనుకుంది.

రాయపురం వంతెన దిగాక హార్బరు రోడ్డు వచ్చింది.

ఆ రోడ్డుకు ఆదివారం లేదు. ఓడల దగ్గరికి పోయే కంటైనర్ లారీలు ఒకదాని వెనక ఒకటి రైలుపెట్టెల్లా కదులుతున్నాయి. ఒక్కొక్కటీ పక్క నుంచి పోతుంటే కోకిల మెడ దగ్గర వేడిగాలి తగిలింది. చక్రాలు ఆమె భుజమంత ఎత్తున్నాయి. మార్లీన్‌కు చీమ కుట్టినట్టు కూడా లేదు, ఎడమ అంచు పట్టుకుని నిబ్బరంగా తొక్కుతోంది. కోకిల అరచేతులు చెమటకు జారుతున్నాయి. వెనక నుంచి ఒక లారీ హారన్ కొట్టింది. అంతే, ఆమె రెండు కాళ్ళూ నేల మీద ఆనించి, సైకిలును ఈడ్చుకుని గోడకు ఆనుకుపోయింది. కళ్ళు మూసుకుంది. పాత చప్పుడు ఇప్పుడే వినబడుతుందని ఎదురుచూసింది. లారీ పోయింది. దాని వెనక ఇంకొకటి, దాని వెనక మరొకటి.

కళ్ళు తెరిచేసరికి తెల్లచొక్కా లేదు.

మొదట కంగారుపడలేదు. ముందుకెళ్ళి ఆగి ఉంటుందిలే అనుకుంది. కాసేపు చూసింది. వెనక్కి వస్తుందేమోనని ఇంకాసేపు చూసింది. అప్పుడు బుట్టలో సంచీ మోగింది. తీసి చూస్తే ఫోను మీద ఒక అబ్బాయి ఫొటో, కింద లూకాస్ అని పేరు. మార్లీన్ కొడుకు. అంత దూరంలో ఇంకా రాత్రే, అమ్మ ఏం చేస్తోందో అడిగి పడుకుందామని చేసి ఉంటాడు. మీ అమ్మ నా పక్కనే ఉంది అని చెప్పడానికి లేదు. కోకిల ఆ ఫోను ఆగిపోయేదాకా రెండు చేతుల్లో పట్టుకుని నిలబడింది. చేతిలో డబ్బు లేదు, ఫోను లేదు, భాష రాదు, ఆ మనిషి ఈ ఊళ్ళో ఎటు పోతుంది?

సైకిలు నడిపించుకుంటూ మలుపు దాకా వెళ్ళింది. అక్కడ టీ కొట్టు దగ్గర నలుగురు ఒకేసారి మాట్లాడుకుంటున్నారు. కోకిల అరవంలో అడిగింది, సైకిలు మీద ఒక తెల్ల ఆవిడ ఇటు పోయిందా అని.

టీ మాస్టరు ఆమెను ఎగాదిగా చూశాడు. "నీకేమవుతుందక్కా?"

"మా ఇంటికొచ్చిన మనిషి."

"అయ్యో," అన్నాడతను. "ఇప్పుడే గదా ఆటోలో ఎక్కించింది. మినీ లారీ కొట్టేసిందంట. చొక్కా అంతా రక్తం. పెద్దాసుపత్రికి తీసుకపోయినారు."

ఇంకొకడు రోడ్డు అవతల చూపించాడు. చేపల బుట్ట ఒకటి తిరగబడి ఉంది. వంజరం ముక్కలు దుమ్ములో పడి ఉన్నాయి. తారు మీద రక్తం ఇంకా ఆరలేదు. గోడకు ఆనించి నీలం సైకిలు ఉంది. దానికి గీత కూడా పడలేదు. సైకిలుకు ఏమీ కాలేదంటే దెబ్బంతా మనిషికే తగిలిందన్నమాట అనుకుంది కోకిల. గోడ పట్టుకుని నిలదొక్కుకుంది.

తన ఫోను తీసి ప్రణతికి చేసింది. తీయలేదు. ఫ్యాక్టరీలో ఫోనులు బయట పెట్టించేస్తారు. భర్తకు చేసింది. ఆయన హలో, హలో అంటూనే ఉన్నాడు. చివరికి, "పెద్దాసుపత్రికి రండి," అని మాత్రం అనగలిగి పెట్టేసింది.

ఆటో కోసం చెయ్యెత్తింది. వచ్చిన ఆటోల నిండా చేపల బుట్టలు, మనుషులు. ఒక్కటీ ఆగలేదు. అయినా ఆగి ఏం లాభం, వంతెన దాకా లారీలు బిగుసుకుపోయి ఉన్నాయి. వాటి పక్కన, గోడకూ చక్రాలకూ మధ్య, సైకిలు పట్టేంత సందు మాత్రం ఉంది.

కోకిల ఆ సందు వైపు చూసింది. అంత భయం ఆమెకు అంతకు ముందెప్పుడూ వేయలేదు. నీలం సైకిలు చూస్తుండమని టీ మాస్టరుకు చెప్పి, ఎర్ర సైకిలెక్కింది.

ఆ దారంతా ఎలా తొక్కిందో ఆమెకు తర్వాత సరిగ్గా గుర్తు లేదు. గోడకు మోకాలు గీరుకుంది. కుడి పక్క ఇంజన్లు గురగురమంటున్నాయి. ఏ క్షణమైనా కదలొచ్చు. ఒకటి కదిలింది కూడా. అప్పుడు పెద్దగా అరిచింది. తన అరుపు తనకే వినబడలేదు. నోట్లో వేంకటేశ్వరుడి పేరు, మనసులో ప్రణతి మొహం. ఆ పిల్లకు ఏం చెప్పాలి? ఆ అబ్బాయి మళ్ళీ ఫోను చేస్తే ఏం చెప్పాలి? సంచీ బుట్టలో ఎగిరెగిరి పడుతోంది. కళ్ళ నీళ్ళకు రోడ్డు అలుక్కుపోయినట్టు కనిపిస్తోంది. అయినా కాళ్ళు మాత్రం ఆగలేదు.

ఆసుపత్రి గేటు లోపల సైకిలు వదిలేసి క్యాజువాలిటీ వైపు పరిగెత్తింది. వరండాలో బెంచీ మీద మార్లీన్ కూర్చుని ఉంది. చొక్కా ముందు భాగమంతా రక్తం. చేతులు మోచేతుల దాకా రక్తం. కోకిల ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూలబడి, తల, భుజాలు, పక్కటెముకలు అన్నీ తడిమి చూసింది. "ఎక్కడ? దెబ్బ ఎక్కడ?" అని తెలుగులోనే అడిగింది.

మార్లీన్ ఆమె చేతులు పట్టుకుని ఆపింది. నాది కాదు, ఈ రక్తం నాది కాదు అని నిదానంగా రెండు మూడుసార్లు చెప్పింది. తర్వాత తలుపు వైపు చూపించింది. లోపల స్ట్రెచర్ మీద చేపలమ్మే ముసలావిడ ఒకతె ఉంది. పేరు మునియక్క. మినీ లారీ కొట్టింది ఈవిడనే. మార్లీన్ కళ్ళ ముందే జరిగిందట. సైకిలు గోడకు ఆనించి పరిగెత్తి, తల మీద గాయాన్ని తన స్కార్ఫ్‌తో గట్టిగా అదిమి పట్టుకుంది. ఆటో వచ్చాక, చెయ్యి తీస్తే మళ్ళీ రక్తం కారుతుందని, తీయకుండా అలాగే ఎక్కేసింది. వెనక్కి తిరిగి చూశాను, నువ్వు కనబడలేదు అంది. ఉద్యోగం మానేశాక ఇదే మొదటిసారి, చాలా భయమేసింది అని చెప్పింది.

కోకిల ఆవిడ పక్కన కూర్చుంది. దెబ్బ తగిలింది వేరే మనిషికని వినగానే గుండెల మీద బరువు దిగినట్టయింది. అలా అనిపించినందుకు వెంటనే సిగ్గేసింది. లోపలి నుంచి మునియక్క మూలుగు వినిపిస్తూనే ఉంది.

అంతలో గేటు దగ్గర కాంతారావు కనిపించాడు. చెప్పులు లేవు. చొక్కా బొత్తాలు ఒకదానికి బదులు ఒకటి పెట్టుకున్నాడు. కోకిలను చూసి అక్కడే ఆగిపోయాడు. మోకాలి మీద చినిగిన చుడీదారూ, చేతులకు అంటిన రక్తమూ చూశాడు.

"నాకేం కాలేదండీ," అంది కోకిల లేస్తూ. "నాకేం కాలేదు."

"ఆ మాట ఫోన్లో చెప్పలేవా నువ్వు?" అన్నాడాయన. అని, గోడవైపు తిరిగి నిలబడి చాలాసేపు మొహం తుడుచుకున్నాడు. ఆయన అలా ఏడవడం కోకిల అంతకు ముందు చూడలేదు.

మార్లీన్ చేతులు కడుక్కుని కొడుకుతో మాట్లాడింది. డచ్చిలో ఏం చెప్పిందో తెలియదు. కోకిల పేరు మాత్రం మధ్యలో వినబడింది. మునియక్క కూతురు వచ్చింది. తలకు కుట్లు పడ్డాయనీ, కాలు విరిగిందనీ, ప్రాణానికి ఫరవాలేదనీ డాక్టరమ్మ చెప్పాక ముగ్గురూ ఆటోలో ఇల్లు చేరారు. సైకిళ్ళు రెండూ సాయంత్రం ప్రణతి వెళ్ళి తెచ్చింది. ఆ పిల్ల తల్లిని పట్టుకుని, "సారీ మా, నేను పోమన్నా గదా," అంటూ ఒకటే ఏడుపు.

ఆ తర్వాత కూడా మార్లీన్ ఉన్నన్ని రోజులూ పొద్దున్నే సైకిలు తీసేది. ఆవిడ తిరిగొచ్చేదాకా కోకిల వంటింట్లోకీ వీధి గుమ్మంలోకీ తిరుగుతూనే ఉండేది. పొయ్యి మీద పాలు రెండుసార్లు పొంగిపోయాయి. ఒకరోజు మార్లీన్ ఎర్ర సైకిలు బయటపెట్టి నవ్వింది. కోకిల తల అడ్డంగా ఊపింది. మర్నాడు మాత్రం వీధి చివర పూలకొట్టు దాకా వెళ్ళొచ్చింది. ఆ కాస్త దూరానికే వీపంతా చెమట పట్టింది.

మార్లీన్ ఊరికి వెళ్ళే ముందు ఇద్దరూ ఆటోలో మునియక్క ఇంటికి వెళ్ళారు. కాసిమేడులో ఒకటే గది. కాలికి కట్టుతో మంచం మీద కూర్చుని ఉంది మునియక్క. మార్లీన్ మొహం రెండు చేతులతో నిమిరి మెటికలు విరిచింది. కోకిల వైపు తిరిగి, "నువ్వెందుకమ్మా అంత అదిరిపోయి ఉండావు, ఇంకా?" అని అరవంలో అడిగింది.

"మీ రోడ్డు చూస్తే ఎవరికైనా అట్టానే ఉంటుంది," అంది కోకిల.

మునియక్క కట్లు కదిలేలా నవ్వింది. కూతుర్ని పిలిచి, ఎండుచేపలు పొట్లం కట్టించి, వద్దన్నా వినకుండా కోకిల చేతిలో పెట్టింది. తరతరాలుగా గుడ్డు కూడా గడప దాటి రాని ఇల్లు కోకిలది. అయినా తీసుకుంది. ఆటోలో దారి పొడుగునా ఆ పొట్లం ఒడిలోనే పెట్టుకుంది. వాసన ఘాటుగా కొడుతోంది. పక్కనే కంటైనర్ లారీ హారన్ కొట్టేసరికి ఉలిక్కిపడి మార్లీన్ చెయ్యి పట్టుకుంది. ఇంటికెళ్ళాక అత్తగారికి ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ కూర్చుంది.